పరాయి దాహం

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో పేషెంట్ల కోసం నేను చేయని పని లేదు. బెడ్‌పాన్లు ఎత్తాను, గడ్డాలు గీశాను, వాళ్ళ అల్లుళ్ళతో తగువులాడాను. కానీ ఒకరి కోసం నీళ్ళు తాగడమన్నది మాత్రం ఆ ఎండాకాలంలోనే మొదలుపెట్టాను.

నవ్వకండి. అది నా డ్యూటీ. చార్టులో ఇలా రాయాలి: ఉదయం పది గంటలు. రెండు గ్లాసులు. తాగినది హెడ్ నర్సు రూతమ్మ. దాహం తీరినది ఏడో మంచానికి.

ఏడో మంచం అంటే సైదయ్య. నరసరావుపేట బస్టాండు ఎదురుగా ఇరవై ఆరేళ్ళు గోలీసోడా బండి నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకోవాలి. అది చాలదన్నట్టు మాఘమాసంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మా వార్డు ఉన్నదే ఇలాంటి వాళ్ళ కోసం. ఇక్కడి పన్నెండు మంచాల వాళ్ళకీ కిడ్నీ జబ్బుతో పాటు నరాల జబ్బు కూడా ఉంటుంది.

కిడ్నీ పేషెంటుని బాధపెట్టేది సూది అనుకుంటారు జనం. సూది కాదు, దాహం. లోపలికి పోయిన నీళ్ళు బయటికి వచ్చే దారి లేదు కాబట్టి మందులు మింగే నీళ్ళతో కలిపి రోజుకి అర లీటరే ఇస్తాం. అంతకు మించితే నీరు ఊపిరితిత్తుల్లో చేరి మనిషి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. మే నెలలో మా పేటలో ఎండ నలభై ఆరు డిగ్రీలు. ఆ ఎండలో అర లీటరు! మూడో మంచం డ్రిల్లు మాస్టారు ముఖం కడుక్కుంటానని వెళ్ళి కుళాయి కింద నోరు పెడితే నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఏడో తరగతిలో వరస తప్పినందుకు నన్ను బెత్తంతో కొట్టిన మాస్టారాయన. "రూతూ, ఒక్క గుక్కే అమ్మా" అని బతిమాలాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నించి డాక్టర్ నళినీకాంత్ రెండు పెట్టెలతో దిగాడు. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. సన్నగా, చొక్కా ఇస్త్రీ నలగకుండా, చేతిలో ఎప్పుడూ ఒక ట్యాబుతో ఉండేవాడు. మొదటి రోజే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"సిస్టర్, పొద్దుటి నించీ నీళ్ళు ముట్టలేదు కదా?"

"మీరే వద్దన్నారు గదా సార్. నాలిక అట్టముక్క అయిపోయింది."

రూపాయి బిళ్ళంత మెత్తటి పట్టీ ఒకటి నా చెవి వెనక అతికించాడు. ఇంకొకటి తన చెవి వెనక పెట్టుకున్నాడు. కుండలో నీళ్ళు గ్లాసులోకి వంచుకుని, నా కళ్ళలోకి చూస్తూ తాగడం మొదలుపెట్టాడు. ఎంత అన్యాయం అనుకుంటున్నాను. అంతలో నా గొంతు చల్లబడింది. నాలిక మెత్తబడింది. కడుపులోకి చల్లగా ఏదో జారినట్టయింది. చుక్క నీరు మింగకుండా నా దాహం తీరిపోయింది. "ప్రభువా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"తాగిన నీళ్ళు రక్తంలో కలవడానికి పావుగంట పడుతుంది సిస్టర్. దాహం మాత్రం నిమిషంలో తీరుతుంది. అంటే ఇక చాలు అని మెదడుకి చెప్పేది రక్తం కాదు, గొంతు. ఆ కబురునే నేను దారి మళ్ళించాను."

"మరి నా దాహం ఎటు పోయినట్టు సార్?"

ఆయన ఇంకో గ్లాసు నింపుకున్నాడు, తర్వాత ఇంకోటి. మూడో గ్లాసు దించి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు. "నాకు వచ్చింది."

ఇందులో ఉన్న చిక్కల్లా అదే. తాగేవాడి తృప్తి అవతలివాడికి పోతుంది, అవతలివాడి దాహం తాగేవాడికి వస్తుంది. పట్టీ తీసేసిన పది నిమిషాలకి అది పోతుంది. తీయకపోతే పోదు. ఎంత తాగినా ఇంకా తాగాలనిపిస్తుంది. అందుకే గట్టి నియమాలు పెట్టారు. తాగేది నర్సులే. పూటకి అరగంటే, రెండు గ్లాసులే. రోజూ మాకు రక్త పరీక్ష. పేషెంటు చెవి వెనక తృప్తిని పుచ్చుకునే పట్టీ ఎప్పుడూ ఉంటుంది. మేము పెట్టుకునే, తృప్తిని ఇచ్చే పట్టీలు మాత్రం పని కాగానే పెట్టెలోకి వెళ్ళిపోవాలి.

సైదయ్య కోసం మొదటిసారి తాగిన రోజు నేను మర్చిపోలేను. పట్టీ అంటించుకోగానే నా నోరు ఎండి, గొంతులో ఇసుక పోసినట్టయింది. ఇంత దాహాన్ని రెండేళ్ళుగా ఎలా ఓర్చుకున్నాడీ మనిషి అని భయమేసింది. గ్లాసెత్తి తాగాను. నాకు ఏమీ తీరలేదు. మంచం మీద ఆయన మొహం మాత్రం వడలిన తోటకూర మీద నీళ్ళు చల్లినట్టు తేరుకుంది. రెండో గ్లాసుకి ఆయన ఎడమ కంటి నించి నీళ్ళు కారాయి.

మంచం పక్క బల్ల మీద ఆయన భార్య నాగేంద్రం కూర్చుని ఉంది. ఎండుమిర్చిలా సన్నగా, గట్టిగా ఉండే మనిషి. మొగుడికి మేము ఉప్పు మానిపించిన రోజే తనూ మానేసింది. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో ఇద్దరికీ ఒకే గిన్నెలో చప్పిడి పప్పు వండేది. మొగుడి మొహం చూసి, నా మొహం చూసి, నా చేతిలో గ్లాసు చూసింది.

"సిస్టరమ్మా, ఆయన్ని కట్టుకున్నది నేనా, నువ్వా?" అంది.

"నువ్వేలేవమ్మా. నాకెందుకొచ్చిన గొడవ."

"అయితే ఆ నీళ్ళేవో నేనే తాగుతా. నాకియ్యి ఆ బిళ్ళ."

"కుదరదు. రూల్సున్నాయి."

"ఏం రూల్సో ఏందో. ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ సోడాలు కొట్టిచ్చిన చెయ్యి నాది. నా మొగుడికి గుక్కెడు నీళ్ళియ్యటానికి నీ రూల్సు అడ్డమొచ్చినయ్యా?" అని పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఆదివారం మా నర్సుల్లో ఇద్దరు పెళ్ళికి వెళ్ళారు, ఒకమ్మాయికి జ్వరం. పన్నెండు మంచాలకీ నేనూ ఇంకొకరూ మిగిలాం. పక్షవాతం వాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపులు పుండ్లు పడతాయి. మిషను మీద ఉన్నవాళ్ళకి అరగంటకోసారి బీపీ చూడాలి. మధ్యాహ్నం సైదయ్య నీళ్ళ వేళ దాటిపోయింది. ఆయన మూలుగు వార్డంతా వినిపిస్తోంది. నాగేంద్రం ఊరికే నా వంక చూసింది. ఆ చూపుకి నేను లొంగిపోయాను.

పెట్టెలో ఉన్న ఏడో మంచం అదనపు పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాను. "అరగంట. రెండు గ్లాసులు. తర్వాత తీసి పెట్టెలో పెట్టెయ్యి. ఎవరికీ చెప్పబాక" అన్నాను.

అంతలో రెండో మిషను మీద ఉన్నావిడ గొట్టంలో రక్తం గడ్డకట్టింది. దాంతో సాయంత్రం దాకా ఊపిరి సలపలేదు. మర్నాడు గుర్తొచ్చి అడిగితే, "పెట్టెలో పెట్టేశానమ్మా" అంది నాగేంద్రం. నేను పెట్టె తెరిచి చూడలేదు. రోజుకి యాభై సంగతులు రెండుసార్లు సరిచూసుకునే నేను, ఆ ఒక్కటీ చూడలేదు.

తర్వాతి నాలుగు రోజులూ మా వార్డుకి పండగే. సైదయ్య మూలగడం మానేశాడు. కంటినిండా నిద్రపోతున్నాడు. ఒక డయాలిసిస్‌కీ ఇంకో డయాలిసిస్‌కీ మధ్య మూడు కిలోల నీరు చేరే ఒంట్లో కిలో కూడా చేరలేదు. ఆయన కుడి చేతి మీద, సూదులు గుచ్చే నరం దగ్గర వేళ్ళు పెట్టి చూస్తే రక్తం ఝుమ్మని కమ్మగా మోగుతోంది. పడిపోయిన ఆ చేతిలో ప్రాణం ఉందని చెప్పేది ఆ మోతే. నళినీకాంత్ గారైతే నేల మీద నడవడం మానేశాడు.

"చూడండి సిస్టర్, మూడు పూటలే ఇస్తున్నాం. కానీ దాహం రోజంతా లేవడం లేదు. ప్రభావం నిలబడుతోంది! ఇది ఎవరూ ఊహించలేదు" అని ట్యాబులో గీతలు చూపించాడు. రాత్రంతా కూర్చుని వ్యాసం రాస్తున్నాడని కళ్ళ కింద చారలే చెబుతున్నాయి.

ఒకటే ఇబ్బంది. సైదయ్య పట్టీ పీకేస్తున్నాడు. ఎడమ చేత్తో చెవి వెనక గోకి, పీకి, విసిరికొడుతున్నాడు. ఒకసారి అది పోయి డ్రిల్లు మాస్టారి ఇడ్లీలో పడింది. మెదడు దెబ్బతిన్నవాళ్ళు ఇలా చేయడం మాకు మామూలే. ముక్కు గొట్టాలు, సెలైన్లు, డైపర్లు, చేతికి ఏది అందితే అది పీకేస్తారు. అలాంటప్పుడు చేతికి మెత్తటి గుడ్డ సంచి తొడిగి మణికట్టు దగ్గర ముడి వేస్తాం. నేనూ అదే చేశాను.

"బంగారం లాంటి పట్టీ సైదయ్య గారూ. పీకితే మీకే నష్టం" అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయన నన్ను చూశాడు. ఆ సంచి కట్టిన చేత్తో మంచం కమ్మీని దబదబా బాదాడు. "అబ్బో, కోపం కూడా వచ్చింది, ఒంట్లో బలం వచ్చినట్టే" అని నవ్వి వెళ్ళిపోయాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన చూపు నా మీద లేదు. నా వెనక బల్ల మీద ఉంది. నాగేంద్రం అక్కడ తల పట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున ఒకసారి వాంతి చేసుకుంది. "ఎండమ్మా, అంతే" అంది. చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకుంది. నేను చూశాను, చూసీ చూడనట్టు పోయాను. మంచం మీద ఉన్నవాళ్ళ కనుపాపలు, నాలికలు, వేళ్ళ వణుకు అన్నీ కనిపెడతాం మేము. బల్ల మీద కూర్చున్నవాళ్ళని మనుషులుగా కూడా లెక్కపెట్టం. అడ్డం జరగమంటాం, అంతే.

గురువారం మధ్యాహ్నం రెండింటికి వరండాలో నీళ్ళ క్యాను దగ్గర దబ్బుమని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే నాగేంద్రం కింద పడి ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురగ. చేతిలోంచి జారిన గ్లాసు ఇంకా దొర్లుతోంది.

క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు చూసి, "వడదెబ్బ. ఐసు తెండి" అన్నాడు. ఆ వారంలో అది పదకొండో వడదెబ్బ కేసు, ఆయన తప్పేం లేదు. నేను ఆమె మెడ మీద చెయ్యి వేశాను. చల్లగా, తడిగా ఉంది. వడదెబ్బ తగిలిన ఒళ్ళు పెనంలా కాలుతుంది. మూర్ఛలో తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే పట్టుకోబోయి జుట్టు పక్కకి తీశాను. చెవి వెనక పట్టీ ఉంది. దాని చుట్టూ చర్మం నాలుగు రోజుల చెమటకి ఎర్రగా ఒరుసుకుపోయింది.

నోరు మూసుకుని ఆ పట్టీ జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ఐసు ముక్కలు వచ్చేస్తున్నాయి.

"వడదెబ్బ కాదు సార్!" అని అరిచాను. "నీళ్ళు. నాలుగు రోజులుగా ఆపకుండా నీళ్ళు తాగుతోంది. రక్తంలో ఉప్పు పడిపోయి ఉంటుంది. సోడియం చూడండి. ఆ పట్టీ ఇచ్చింది నేనే."

సోడియం నూట తొమ్మిది వచ్చింది. నూట ముప్ఫై అయిదు ఉండాలి. ఉప్పు పలచబడి మెదడు నీళ్ళు పీల్చి ఉబ్బింది. మూర్ఛ ఆపడానికి ఇంజెక్షనిచ్చి, చిక్కటి ఉప్పునీటి సెలైన్ కొద్ది కొద్దిగా మొదలుపెట్టారు. కొద్ది కొద్దిగానే ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే మెదడు ఒక్కసారిగా కుంచించుకుపోయి మనిషి బతికినా కాలూ చెయ్యీ మాటా ఉండవు. ఇంట్లో ఒకరు అలా ఉన్నారు, చాలు.

కబురు తెలిసి నళినీకాంత్ ట్యాబుతోనే వచ్చాడు. చేతిలో పట్టీ పెట్టి అంతా చెప్పాను. ఆయన ఒక్క క్షణం ట్యాబు వంక చూశాడు. అందులో ఆ నాలుగు రోజుల అందమైన గీతలు ఇంకా ఉన్నాయి.

"అంటే ప్రభావం నిలవడం కాదన్నమాట" అన్నాడు మెల్లగా. "ఆమె."

"ఆమే సార్."

"నా పేపరు నిన్ననే పంపాను సిస్టర్!" అని మొదటిసారి గొంతు పెంచాడు. తర్వాత మంచం మీద నాగేంద్రాన్ని చూసి ఆ గొంతు దించేశాడు. ట్యాబు మూసి పక్కన పెట్టి, సెలైన్ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆ పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయనే ఉత్తరం రాశాడు, ప్రయోగం ఆపేశాడు. అప్పటిదాకా ఆ మనిషి మీద నాకు గౌరవం ఉండేది, ఆ సాయంత్రం నించి ఇష్టం కూడా కలిగింది.

నేను వార్డుకి వెళ్ళి సైదయ్య చేతి సంచి ముడి విప్పాను. నా చెంప వాయిస్తాడనుకున్నాను, వాయించినా పడదామనుకున్నాను. ఆయన ఆ చెయ్యి ఎత్తి వరండా వైపు చూపించాడు.

"బతికే ఉంది సైదయ్య గారూ. చూసుకుంటున్నాం. మీరు చెబుతూనే ఉన్నారు. నాకే అర్థం కాలేదు" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన తన చెవి వెనక పట్టీ పీకి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు. ఇక దాని మొహం చూడనన్నట్టు తల తిప్పుకున్నాడు. తడిగుడ్డతో పెదాలు అద్దబోతే నోరు బిగించుకున్నాడు. పెళ్ళాం లేచేదాకా మందులకిచ్చే నీళ్ళు తప్ప చుక్క ముట్టలేదు.

శుక్రవారమంతా గంటగంటకీ నాగేంద్రం కళ్ళలో టార్చి వేసి చూశాను. చెయ్యి గిల్లితే లాక్కుంటోందా, పిలిస్తే కనురెప్ప కదులుతోందా అని చూశాను. సోడియం నూట పన్నెండు, నూట పదిహేను, నూట పదిహేడు. నెమ్మదిగా, సరిగ్గా పెరగాల్సినట్టే పెరిగింది. మనిషి మాత్రం లేవలేదు. లేచినా మనల్ని గుర్తుపడుతుందా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. నేను ఇంటికి వెళ్ళలేదు. సూపరింటెండెంటు గారు మెమో పంపిస్తే అక్కడే సంతకం పెట్టి తీసుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి కళ్ళు తెరిచింది. నేను మామూలుగా అందరినీ అడిగే మొదటి ప్రశ్నే అడిగాను.

"నీ పేరేంటమ్మా?"

నా వంక ఎగాదిగా చూసింది. "అదేంది సిస్టరమ్మా, నా పేరే మర్చిపోయావా? నీకు నిద్ర చాలట్లా" అంది.

అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిపి చేశాను. ఆ తర్వాత తిట్లు లంకించుకున్నాను. అబద్ధమాడినందుకు, దాచినందుకు, ప్రాణం మీదికి తెచ్చుకున్నందుకు.

"తాగితే తాగావు. కనీసం మజ్జిగలో ఇంత ఉప్పేసుకుని తాగినా ఇంత దూరం వచ్చేది కాదు గదే!"

"ఉప్పా? అమ్మో" అంది నాగేంద్రం కళ్ళు పెద్దవి చేసి. "నా నోట్లో సల్లదనం ఆయన నోట్లోకి పోయేటప్పుడు, ఉప్పు మాత్రం పోకుండా ఉంటదా? ఉప్పు ఆయనకి విషమని నువ్వే గదా చెప్పింది. ఆ బిళ్ళ పెట్టుకున్నాక పప్పులో ఉప్పు కాదు గదా, చెమట పెదానికి తగిలినా తుడిచేసుకున్నా."

మూడు భాషల్లో పన్నెండు పేజీల కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నాం. పట్టీలో పోయేది కబురే గానీ ఉప్పు పోదన్న ఒక్క ముక్క, బల్ల మీద కూర్చున్న మనిషికి ఎవరమూ చెప్పలేదు.

చక్రాల కుర్చీలో ఆమెను సైదయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎడమ చేత్తో ఆమె జుట్టు పక్కకి తీసి ఒక చెవి వెనక తడిమాడు, రెండో చెవి వెనక తడిమాడు. ఏమీ లేదని నిర్ధారించుకున్నాక ఆమె నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. మాట లేని మనిషి పెళ్ళాన్ని అంతకంటే బాగా తిట్టలేడు.

రెండు రోజులు పోయాక, ఉప్పు వేసిన గంజి తాగుతూ నాగేంద్రం అన్నది. నళినీకాంత్ కూడా అక్కడే ఉన్నాడు, ఖాళీ మంచం మీద పెట్టెలు సర్దుకుంటూ.

"డాక్టరు బాబూ, ఒక్కదాన్నే తాగబట్టే గదా నాకీ రోగం?"

"అవునమ్మా."

"మరి మా బండి కాడికి రోజుకి రెండొందల మంది నాలిక పీక్కుంటా వచ్చేవోళ్ళు. వాళ్ళెట్టాగూ తాగుతారు. ఒక్కోడు ఒక్క సోడా. తాగే రెండు నిమిషాలు బిళ్ళ పెట్టుకుని, తీసిచ్చి పోతే, ఎవుడి మీదా బరువుండదు గదా?"

నళినీకాంత్ మడుస్తున్న చొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఎదుటి దాహం వచ్చినా రెండు నిమిషాల్లో పట్టీ తీసేస్తారు, ఇంకో పది నిమిషాల్లో అదీ పోతుంది" అన్నాడు తనలో తనే. "వాళ్ళకి మిగిలేది మహా అయితే ఇంకో గ్లాసు..." చొక్కా మంచం మీద పడేసి ట్యాబు తెరిచాడు. ఆ చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది, ఆయన గమనించలేదు.

ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు మూడు వారాలు మా ప్రాణాలు తోడి, చివరికి ఒప్పుకున్నారు. నన్ను పట్టీల పెట్టె తాళాల నించి తప్పించారు. తప్పించాలి కూడా.

రోహిణి కార్తెలో, రోళ్ళు సైతం పగిలేలా కాస్తున్న ఎండలో, గోలీసోడా బండి పట్టా దులిపి ఆస్పత్రి గేటు పక్క వేపచెట్టు కింద పెట్టారు. బండికి పన్నెండు కొక్కేలు, ఒక్కోదానికి ఒక్కో మంచం నంబరుతో పట్టీ. డ్రిల్లు మాస్టారు వంకర పోయిన చేత్తో బోర్డు రాసిచ్చాడు: "మీరు తాగండి. లోపల ఇంకొకరి దాహం తీరుతుంది." పక్కన ఒక నర్సు కూర్చుని పట్టీలు తుడుస్తుంది, వచ్చినవాళ్ళ వేలికి సిరా చుక్క పెడుతుంది. రోజుకి ఒక్కరికి ఒక్కసారే. నాగేంద్రానికి అసలు లేదు.

సైదయ్య మొదట ఒప్పుకోలేదు. నాగేంద్రం వచ్చి రెండు చెవులూ చూపించి, సిరా లేని వేలు చూపించి, "బండి కాడ వేరేవోళ్ళు తాగుతారయ్యా, నేను కొట్టిస్తా, అంతే" అని ఒట్టేస్తే గానీ పట్టీ అంటించనివ్వలేదు.

నేను ఆయన మంచం పక్కనే నిలబడ్డాను. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి ఒకడు ఒళ్ళంతా చెమటతో వచ్చాడు. ఏడో కొక్కెం పట్టీ చెవి వెనక పెట్టించుకున్నాడు. నాగేంద్రం బొటనవేలితో గోలీ నొక్కింది. కీసుమన్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది. ఆ మనిషి సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

సైదయ్య కళ్ళు మూసుకున్నాడు. గొంతు ముడి పైకీ కిందికీ ఆడింది. మొహం సడలింది. వార్డంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏమవుతుందోనని నేను నాడి పట్టుకున్నాను. ఆయన నోరు కొంచెం తెరిచాడు. ఆ తర్వాత పొద్దుటి నించి పచ్చి మంచినీళ్ళు తాగని ఆ మనిషి, వార్డు గోడలు ప్రతిధ్వనించేలా ఒక తేన్పు తేన్చాడు.

సోడా తేన్పు. ముక్కుల్లోంచి గ్యాసు పొంగినట్టు, నిఖార్సయిన గోలీసోడా తేన్పు.

డ్రిల్లు మాస్టారు మొదట నవ్వాడు. తర్వాత అందరం. నళినీకాంత్ ట్యాబు పొట్టకి అదుముకుని నవ్వుతున్నాడు. తేన్పు కూడా దారి మళ్ళుతుందని ఆయన లెక్కల్లో లేదట. సైదయ్య కళ్ళు తెరిచి, సంచి లేని తన ఎడమ చెయ్యి ఎత్తి, బొటనవేలితో గాలిలో గోలీ నొక్కాడు. ఇంకోటి కొట్టమని.

"ఉండవయ్యా, వరసలో జనం ఉన్నారు" అన్నాను.

సాయంత్రం డ్యూటీ దిగి గేటు దగ్గరికి వెళ్ళాను. రద్దీ తగ్గింది. నాగేంద్రం సీసాలు కడిగి బోర్లిస్తోంది. నన్ను చూసి ఒక సోడా కొట్టి, నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి చేతికిచ్చింది. ఇంకోటి కొట్టింది. దాంట్లోనూ నిమ్మకాయ పిండి, ఉప్పు ఇంకాస్త ఎక్కువే వేసింది. నేను నా గ్లాసు బండి మీద పెట్టి, ఆమె జుట్టు పక్కకి తీసి చెవి వెనక తడిమి చూశాను.

చర్మం మానింది. అక్కడ ఏమీ లేదు.

"ఇది నాదేలే సిస్టరమ్మా" అంది నాగేంద్రం. గ్లాసు ఎత్తి, ఆపకుండా తాగి, మూతి పమిటతో తుడుచుకుని, చాలా కాలానికి దాహం తీరిన మనిషిలా హాయిగా ఊపిరి వదిలింది.